వేడుక వృత్తి యగునప్పుడు

మాఘమాసము వచ్చినదనగా మా కాకినాడలో కల్యాణమండపములకు తీరిక యుండదు. ఏ పందిటిలోనికి తొంగిచూచినను పురోహితునికంటె ముందుగా కంటబడువాడు ఛాయాచిత్రకారుడు. తలంబ్రాలు పోసికొనుచున్న వధూవరులను చూచి అతడు “ఒక్క క్షణం ఆగండి” అని చేయెత్తినచో, దోసిళ్ళలోని బియ్యము దోసిళ్ళలోనే నిలిచిపోవును. మంగళవాద్యములు సైతము ఒక్కొక్కప్పుడు అతని సైగకొఱకు ఎదురుచూచును. ముహూర్తమును నిర్ణయించువాడు సిద్ధాంతి. దానిని నిలిపియుంచువాడు ఇతడు. ఇందులో కొంత హాస్యమున్నను అసత్యము లేదు.

ఇట్లు కెమెరా పట్టినవారిలో మా కళాశాలలో చదివిన పిల్లలును కొందరు కలరు. ఏటేట ఒకరిద్దరు నాకడకు వచ్చి, “మాస్టారండీ, చదువు ఆపేసి ఫొటోగ్రఫీలో దిగిపోదామనుకుంటున్నానండి” అని చెప్పుదురు. రెండుదినములు గడువకముందే ఆ పిల్లవాని తండ్రి వచ్చి, “ఆ డబ్బా పక్కనబెట్టి పరీక్షలు రాయమని మీరైనా చెప్పండి మాస్టారూ” అని మొఱపెట్టుకొనును. పిల్లవాడు నాచేత ఔననిపించుకొనవలెనని వచ్చును. తండ్రి కాదనిపించవలెనని వచ్చును. తెలుగు పాఠము చెప్పుకొను నాకు ఈ తగవు తీర్చు నధికారము లేకపోయినను, ఇన్నేండ్లుగా వినుచుండుటచేత ఒక అభిప్రాయము మాత్రము స్థిరపడినది. ఇద్దరును డబ్బునుగూర్చియే అడుగుచున్నారు. ఇందులో డబ్బు వచ్చునా రాదా యనునది తండ్రి ప్రశ్న. డబ్బు వచ్చుచున్నది గనుక నేను వృత్తిలోనివాడనైతినిగదా యనునది కుమారుని వాదము. వేడుక వృత్తిగా మారు తావు అది కాదని నా నమ్మకము. మొదటి రుసుము చేతబడినంతమాత్రమున ఎవడును వృత్తిలోనివాడు కాడు. తాను తీయు చిత్రము తనకొఱకు గాక మఱియొకరి యక్కఱకొఱకు అని యెఱిగి, ఆ బరువును నెత్తికెత్తుకొన్ననాడే అగును.

మాటలతో కాలక్షేపము చేయువాడను గనుక ఒకటి రెండు మాటలను ముట్టకుండ ముందుకు పోలేను. ‘వృత్తి’ యన్నంతనే మనకు జీవనోపాధి స్ఫురించును. కాని శాస్త్రములలో సూత్రమునకు వ్రాసిన వివరణమును గూడ వృత్తి యందురు. పాణినిసూత్రములపై వెలసిన ‘కాశికావృత్తి’ పేరు తెలుగుపండితులందఱు వినియుందురు. సూత్రకారుడు తనకు తెలిసినదానిని నాలుగక్షరములలో బిగించి పెట్టును. వృత్తికారుడు ఎదుటివానికి అక్కఱకు వచ్చునట్లు దానిని విప్పి చూపును. కూడు పెట్టు వృత్తికిని ఈ వృత్తికిని పోలిక లేకపోలేదు. తన కన్ను చూచిన అందమును తనలోనే బిగించుకొన్నంతవఱకు అది వేడుక. మఱి ‘ఛాయ’ యను పదమునకు నీడ యనియు కాంతి యనియు రెండర్థములు గలవు. ఛాయాచిత్రమను పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, పరస్పరవిరుద్ధములైన ఆ రెంటిని ఒక్క మాటలో కుదిర్చిపెట్టినాడు.

నేను చెప్పిన మాటకు నిండైన నిదర్శనము మన తెలుగుగడ్డమీదనే, సికిందరాబాదులో కలదు. లాలా దీనదయాళ్ పుట్టుకచేత తెలుగువాడు కాడు. 1844లో మీరటుకు సమీపముననున్న సర్ధనా యను ఊర జైనకుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరునందు ప్రభుత్వ నిర్మాణశాఖలో చేరెను. కట్టడములకు అంచనాలు వేయుట, పటములు గీయుట అతని పని. ఇంచుమించు ముప్పదియేండ్లు వచ్చువఱకు అతడు కెమెరా ముట్టినవాడు కాడు. 1874 ప్రాంతమున, ఉద్యోగము చేయుచునే, వేడుకకై ఈ విద్య నభ్యసించెను.

ఆనాటి వేడుక నేటి వేడుక వంటిది కాదని విద్యార్థులు గ్రహింపవలెను. గాజుపలకపై కొలోడియను పూత పూసి, చీకటిలో వెండిలవణపు ద్రావకమున ముంచి, ఆ తడి యారకముందే కెమెరాలో నమర్చి, తడి యారకముందే చిత్రము తీసి, ఆరకముందే కడుగవలెను. ఎండవేళ మధ్యభారతమున తడి యెంతసేపు నిలుచునో చెప్పనక్కఱలేదు. గాజుపలకలు, మందుసీసాలు, చీకటిగుడారము, నీళ్ళు, మోయు కూలీలు, బండి, ఇంత పరివారము లేనిదే ఒక గుడిగోపురము బొమ్మ దక్కెడిది కాదు. 1880 ప్రాంతమున పొడిపలకలు వ్యాప్తిలోనికి వచ్చిన పిమ్మటనే ఈ శ్రమ కొంత తగ్గెను. ఒక్క పలక చెడినచో ఒక పూట చెడినట్లే. కనుక మీట నొక్కుటకు ముందు చూడవలసినదంతయు చూచి తీరవలసియుండెను. నేడు ఒక్క నిమిషమున నూఱు చిత్రములు తీసి తొంబదితొమ్మిదింటిని చెఱిపివేయు మన పిల్లలకు ఆ కట్టడి లేదు. అది వారి తప్పని నేననను; సౌకర్యమును దండించుట న్యాయము కాదు. కాని ఆ కట్టడి నేర్పిన చూపును వేఱు దారిని సంపాదించుకొనవలసిన పని వారిపై పడినది.

దీనదయాళ్ కథలో నన్ను మిక్కిలి యాకర్షించునది అతని కీర్తి గాదు, అతని నిదానము. మధ్యభారతమున గవర్నరు జనరలుకు ప్రతినిధిగానున్న సర్ హెన్రీ డాలీ అతనిని ప్రోత్సహించెను. 1875–76లో వేల్సు యువరాజు భారతదేశమున పర్యటించినప్పుడు దీనదయాళ్ ఆ వేడుకల చిత్రములు తీసెను. డాలీ తరువాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ అతనిని వెంటబెట్టుకొనిపోయి గ్వాలియరు, ఖజురాహో మొదలగు తావుల కట్టడములను చిత్రింపజేసెను. ఆ చిత్రములతోడి గ్రంథము 1886లో వెలువడెను. 1885లో వైస్రాయి డఫరిను ప్రభువు అతనిని తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. ఇంత పేరు వచ్చినను అతడు ఉద్యోగమును దిగవిడిచి పరుగెత్తలేదు. రెండేండ్ల సెలవు తీసికొని, ఆ సెలవులో తలపెట్టిన చిత్రములు పూర్తిచేసికొని, ఆ తరువాతనే విరమించెను. కెమెరా పట్టినది మొదలు దానినే నమ్ముకొనువఱకు పదేండ్లకు పైగా గడచినవన్నమాట. ఆ పదేండ్లును ఇంటిలో జీతము వచ్చుచుండెను; చేతిలో విద్య పెరుగుచుండెను. చదువు మానివేసెదనని నాకడకు వచ్చు పిల్లలకు ఈ లెక్కను నేను తప్పక చెప్పుదును. చాలమందికి నచ్చదు.

పటములు గీయు ఉద్యోగము అతని విద్యకు అడ్డువచ్చినదని యెవరనగలరు? ఒక కట్టడమునకు ఎదుట నిలిచి, ఏ మూల నిలిచినచో స్తంభములు నిట్టనిలువుగా కానవచ్చునో, ఏ ప్రొద్దున నీడలు శిల్పమును కప్పక విప్పునో తెలిసికొనుటకు ఆ ఉద్యోగమే అతనికి బడి యైనది. చేతిలోనున్న చదువును పాఱవైచి కళకొఱకు పోవువారు తఱచు ఈ సంగతి మఱతురు. ఉపాధ్యాయులమైన మనము తెలిసికొనవలసినదియు ఇందొకటి కలదు. డాలీగాని గ్రిఫిన్‌గాని “అంచనాలు వేయు గుమాస్తాకు బొమ్మలెందులకు?” అని ఒక్కమాట అనియుండినచో ఏమగునో!

హైదరాబాదుకు వచ్చిన తరువాత కథ మఱియొక విధముగా నడచినది. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆదరణము లభించెను. సికిందరాబాదులో స్టూడియో వెలసెను. 1894లో నిజాము అతనికి ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ అను బిరుదము నొసంగెను. ముసవ్విరనగా చిత్రకారుడు, కుంచె పట్టినవానికిని కెమెరా పట్టినవానికిని ఆ దర్బారు భేదము చూపలేదు. 1896లో బొంబాయిలో మఱియొక స్టూడియో తెఱచెను. 1897లో విక్టోరియా రాణి తన ఛాయాచిత్రకారునిగా అధికారపత్రము పంపెను. 1905లో అతడు మరణించెను.

ఈ బిరుదములన్నిటికంటె 1892లో అతడు చేసిన పని నాకు గొప్పగా తోచును. ఘోషా స్త్రీల కొఱకు హైదరాబాదులో అతడొక ప్రత్యేకమైన స్టూడియో నేర్పఱచెను. పరపురుషుని యెదుటికి రాని స్త్రీలకు ఛాయాచిత్రమెట్లు లభించును? తీయువారు స్త్రీలైనగాని లభింపదు. కనుక కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత యాజమాన్యమున, పురుషుల నీడ సోకని తావున ఆ ఏర్పాటు జరిగెను. ఇక్కడ ఒక్కక్షణము నిలిచి ఆలోచింపుడు. వేడుకకాడైనచో ఆ చిత్రములను తానే తీయవలెనని ఆరాటపడును, తీయలేకపోతినేయని విచారించును. దీనదయాళ్ తన కెమెరాను, తన చేతిని, తన కన్నును ఆ గుమ్మము వెలుపలనే వదలినాడు. చిత్రము కావలసినది వారికి, తీసినవారెవరన్నది తరువాతిమాట. వృత్తి యనగా నేమని ఎవరైన నన్నడిగినచో ఆ గుమ్మమును చూపుదును.

తెలుగుపంతుళ్ళకు మఱింత దగ్గఱి పోలిక కావలెనన్నచో అవధానమున్నది. ఇంటిలో తీరికగా కూర్చుండి, మనసైనప్పుడు మనసైన వస్తువుపై పద్యము వ్రాయువాడు కవియే. కాని మా గోదావరిసీమవారైన తిరుపతి వేంకటకవులు సభలో కూర్చున్నప్పుడు వస్తువు పృచ్ఛకునిది, వృత్తము పృచ్ఛకునిది, కాలము సభది. రేపు రమ్మనుటకు వీలులేదు. పెండ్లిపందిటిలో కెమెరా పట్టినవాని స్థితియు అట్టిదే. మూడుముళ్ళు రెండవసారి వేయింపలేము. అందుచేత బుద్ధిమంతుడగువాడు రెండవ కెమెరా తెచ్చుకొనును, విద్యుత్తు పోవునని ముందే యూహించును, తీసిన చిత్రములను ఆ రాత్రియే రెండుచోట్ల భద్రపఱచును, ఇచ్చెదనన్న తేదీకి ఇచ్చును. వీనిలో ఒక్కటియు కళ కాదు. ఇవి లేనివాడు ఎంత కళావంతుడైనను ఒక కుటుంబమునకు తీర్పరాని నష్టము కలిగించును.

ఒక శిష్యుని సంగతి చెప్పెదను. అతడు పగలు ఒక దుకాణములో లెక్కలు వ్రాయుచు, ఆదివారములు కెమెరాతో ఉప్పాడ తీరము పట్టి తిరుగుచుండెను. అక్కడ వల బాగుచేయుచున్న ఒక ముదుసలిని చిత్రించెను. సగము ముఖము చీకటిలో, సగము వెలుతురులో; నుదుటిపై ముడుతలు దున్నిన చేనివలె నుండును. కళాశాల ప్రదర్శనమున అందఱును మెచ్చిరి, నేనును మెచ్చితిని. ఏడాది గడచిన పిదప ఆ ముసలమ్మ కుమారుడు వెదకికొనుచు వచ్చెను. తల్లి పోయినదట. ఇంటిలో ఆమె బొమ్మ ఒక్కటియు లేదు. ఈ అబ్బాయి తీసినాడని ఎవరో చెప్పిరట. శిష్యుడు గర్వముతో ఆ మెప్పుపొందిన చిత్రము చూపెను. ఆ పల్లెవాడు చాలసేపు చూచి, “మొగం అగుపడ్డంలేదండి బాబూ. మాయమ్మ ఇలాగుండదండి” అనెను.

ఆనాడు తీసిన చిత్రములింకను పదియో పండ్రెండో అతనికడ నుండెను. వానిలో ఒకదానియందు ఆమె ఎవరినో చూచి పండ్లులేని నోటితో నవ్వుచున్నది. వెలుతురు చదునుగా నున్నదనియు, విశేషమేమియు లేదనియు దానిని అతడు ప్రక్కకు నెట్టియుండెను. ఆ పల్లెవాడు దానిమీద వ్రేలుంచి మఱి మాటాడలేదు. శిష్యుడు దానినే పెద్దదిగా అచ్చువేయించి యిచ్చెను. సొమ్ము పుచ్చుకొనలేదు. అప్పటికే ఒకటి రెండు పుట్టినరోజులకు డబ్బు పుచ్చుకొని చిత్రములు తీసియున్నను, అతడు వృత్తిలో ప్రవేశించినది ఆ దినముననే యని నా లెక్క. ఆ తరువాత రెండేండ్లకు దుకాణపు పని మానెను. ఇప్పుడు సొంతముగా పని చేసికొనుచున్నాడు. ఆదివారముల తిరుగుడు మాత్రము మానలేదు. మానకుండుట మంచిదని నేనును చెప్పితిని. రోజంతయు పరులకొఱకు చూచు కన్ను, వారమునకొక్క పూటయైన తనకొఱకు చూడనిచో మొద్దుబాఱును.

అన్ని వేడుకలును వృత్తులు కావలెనని నేను వాదించుట లేదు. జూలియా మార్గరెట్ కామెరాన్ కలకత్తాలో జన్మించిన ఆంగ్లవనిత. 1863లో, నలువదియెనిమిదవ యేట, కుమార్తె బహూకరింపగా మొదటిసారి కెమెరా పట్టెను. ఆమె నలుగురికి దుకాణము తెఱచి కూర్చున్నది కాదు. అయినను ఆమె తీసిన ముఖచిత్రములకు ఛాయాచిత్రచరిత్రలో శాశ్వతస్థానము లభించినది. యాబదిలో పడిన ఉపాధ్యాయులు ఈ సంగతిని గుర్తుంచుకొందురుగాక. మఱియొక వంక మచిలీపట్టణమువాడైన రఘుపతి వెంకయ్య కలడు. మద్రాసులో ఛాయాచిత్రకారుడుగా స్థిరపడియుండియు, కదలు బొమ్మలపై మనసుపోగా స్టూడియోను తాకట్టుపెట్టి యంత్రము తెప్పించి, ఊరూర ప్రదర్శనములిచ్చి, గెయిటీ థియేటరు కట్టి, తుదకు 1921లో కుమారుడు ప్రకాశ్‌తో కలిసి ‘భీష్మప్రతిజ్ఞ’ తీసిన సాహసి. తెలుగుసినిమాకు పితామహుడని అతనిని కొనియాడుచున్నాము. కాని ఆ సాహసము ధనమును నిలుపలేదు. దీనదయాళ్ నిదానమును చెప్పిన నోటితోనే వెంకయ్య తెగువనుగూడ చెప్పనిచో పిల్లలకు సగము సత్యమే చెప్పినవాడనగుదును. అయితే వెంకయ్యయు పిల్లవాడుగా దూకలేదు. చేతిలోని వృత్తిని పండించుకొన్న పిమ్మటనే పణమొడ్డెను.

ఇక బడులలో మనము చేయదగినదేమి? సెల్‌ఫోను కనబడినంతనే లాగికొనుట యొక్కటే మనకు తెలిసిన శిక్షణము. దానితో ఏమి చూచుచున్నావని అడుగువారు తక్కువ. చిత్రములు తీయు పిల్లవాడు కనబడినచో బాగున్నదని మెచ్చుటగాని, పాడైపోవుచున్నాడని తిట్టుటగాని నాకు రుచింపదు. ఈ చిత్రము ఎవరికొఱకు తీసితివి, వారికి ఇచ్చితివా, వారి పేరు వ్రాసియుంచితివా యని అడుగవలెను. దీనదయాళ్ స్టూడియోలో గాజుపలకలకు అంకెలు వేసిరి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరిన 2,857 పలకలు నేటికిని విలువ గలిగియున్నవన్నచో, కళతోపాటు ఆ అంకెలు వేసిన గుమాస్తాతనమునకును అందులో పాలున్నది. మన యూళ్ళలో పాతస్టూడియోలు మూతపడుచున్నప్పుడు పెట్టెలకొలది నెగటివులు తూకమునకు పోవుచున్నవి. ఊరివారి ముఖములన్నియు వానిలోనే యుండును. పేర్లు లేకపోవుటచేత అవి ఎవరివో తెలియవు.

మాకు దగ్గఱనే ఒక పని యున్నది. 1839 ఆగస్టులో పారిసునగరమున డాగెర్ కనిపెట్టిన ఛాయాచిత్రవిధానమును లోకమునకు వెల్లడించిరి. మూడుమాసములు గడచెనో లేదో, నవంబరులో కాకినాడ ప్రక్కనున్న కోరంగి రేవును ఉప్పెన ముంచివేసెను. మూడులక్షలమంది మడిసిరని చెప్పుకొందురు. ఆ రేవు, ఆ ఓడలు, ఆ వీధులు ఎట్లుండెనో చూపు ఛాయాచిత్రము ఉండుటకు అవకాశమే లేకపోయెను. నేడట్లు కాదు. ఉప్పాడలో సముద్రము ఏటేట ఇండ్లను కోసికొనిపోవుచున్నది. చిత్రము తీయు సాధనము ప్రతి పిల్లవాని జేబులోను ఉన్నది. ఆ చుట్టుపట్ల పాఠశాలలవారు ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క తావు నిర్ణయించి, నెలకొకసారి, అదే రాతిమీద నిలిచి, అదే దిక్కుగా ఒక చిత్రము తీయించి, తేదీయు, కానవచ్చు ఇంటివారి పేరును వ్రాయించుచు పోవచ్చును. ఎండ బాగులేదనిగాని, అందముగా రాలేదనిగాని ఆ నెల మానరాదు. పదిమంది పిల్లలలో తొమ్మండుగురు మూడవ నెలకే విసుగుకొందురు. పదవవాడు ఎవడో చూచి, వాని తండ్రికి కబురుపెట్టుడు.